దగ్గర స్తంభం చూసి తొందరపడకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

కళ్యాణదుర్గం అవతల కొండమీద సెల్ టవర్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకోవాలో నువ్వే తేల్చాలటగా. మీ నాన్న చెప్పగానే వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

దరఖాస్తు, లోడు లెక్క, ఎస్టిమేటు నీకు తెలిసినవే.

నేను లైన్‌మన్‌గా ఉన్నప్పుడు ఒక కాంట్రాక్టరు కొండ కింద కనిపించిన మొదటి స్తంభం నుంచే సర్వీసు లాగాడు. అది బోరు మోటార్ల ఫీడరు, అంటే సబ్‌స్టేషను నుంచి వాటికోసం వేసిన లైను. దానికి రోజుకి ఇప్పుడు తొమ్మిది గంటలు కరెంటిస్తున్నారు, అప్పుడు ఏడే. సప్లై రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. వోల్టేజి కుంగి టవర్లో బ్యాటరీలు నింపే రెక్టిఫయర్ కట్టయ్యేది. బ్యాటరీలు సగం నిండకముందే కరెంటు పోయేది. రోజూ అలా అడుగంటితే అవెన్నాళ్లు బతుకుతాయి? ఈ గంటల లెక్క లేని, ఊరికి పోయే లైను కాస్త అవతలే ఉంది. నాలుగు స్తంభాల డబ్బు మిగిలిందనుకున్నాడు, అంతకంతా జనరేటర్ డీజిలుకే పోశాడు.

అందుకని అక్కడి లైన్‌మన్‌ని పట్టుకో. ఏ ఫీడరు, ఏ సబ్‌స్టేషను, ఆ లైను మీద ఇంకా ఎవరెవరున్నారు, అన్నీ అడుగు. మధ్యాహ్నం వోల్టేజి రీడింగు నమ్మకు, రాత్రి ఏడింటికి కొలువు.

దూరం కూడా చూసుకో. వీజిల్ రకం అల్యూమినియం తీగ కిలోమీటరుకి సుమారు 0.9 ఓములు, పోనూ రానూ రెండు తీగలు. సింగిల్ ఫేజ్‌లో 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. కిలోమీటరు లాగితే 230లో ఇరవై మూడు వోల్టులు దారిలోనే పోతాయి. అంత దూరమైతే 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైనే పైకి తీసుకెళ్లి అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించు. మీ పైవాళ్లు గొణిగితే ఈ లెక్క చూపించు.

ఇంకోటి, తల్లీ. ఛేంజోవర్ స్విచ్, అంటే లైనో జనరేటరో ఏదో ఒక్కటే కలిపే మీట, లేకుండా జనరేటర్ ఒక్క నిమిషం కూడా నడపనివ్వకు. నీ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతే అవతల పదకొండు వేల వోల్టులు లేస్తాయి. ఎల్సీ, అంటే లైను ఆపించి పని చేసుకునే అనుమతి, తీసుకున్నవాడు లైను చచ్చిందనే నమ్మకంతో తీగ పట్టుకుంటాడు. మాతో పనిచేసిన ఒక కుర్రాణ్ణి అలాగే స్తంభం మీంచి దించుకున్నాం. వాళ్లమ్మ ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది. ‘తర్వాత పెడదాం మేడమ్’ అని ఎవడన్నా అంటే గట్టిగా కేకలెయ్, మొహమాటపడకు.

అది రాతినేల, ఎర్తింగు మీటరుతో కొలిపించు. మబ్బు పట్టిందంటే పని ఆగినా సరే, కొండ దిగెయ్. పెద్దమ్మ వేరుశెనగ ఉండలు పంపిస్తోంది, మీ లైన్‌మన్‌కీ రెండు పెట్టు.

ఫీడరు పేరు, రాత్రి రీడింగు నాకు ఫోన్లో చెప్పు. దరఖాస్తు మీద సంతకం ఆ తర్వాతే.

మీ పెదనాన్న