ప్రభుత్వ వైద్యం పుట్టిన ప్రెయిరీలో కన్సర్వేటివ్‌లకు ఇంత బలం ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: "కెనడాలో ఉచిత వైద్యం సస్కాచెవాన్‌లో మొదలైందంటారు. అదే రాష్ట్రం ఇప్పుడు ఫెడరల్ ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు గుత్తగా ఓట్లు వేస్తోంది. అక్కడి జనం మారిపోయారా?"

నాకు తెలిసినంతలో జనం పెద్దగా మారలేదు. నేను సస్కాచెవాన్ రాజధాని రెజైనా దగ్గర పప్పుధాన్యాలు శుభ్రంచేసి ఎగుమతి చేసే ప్లాంటులో గ్రేడింగ్ పని చేస్తాను. ఇండియా దిగుమతి చేసుకునే ఎర్రపప్పులో, పసుపు బఠాణీలో పెద్ద వాటా ఈ నేలదే. లారీ తూకానికి నిలబడ్డ రైతులతో మాట్లాడే అవకాశం నాకు రోజూ దొరుకుతుంది. వాళ్ల మాటల్లో లెఫ్ట్, రైట్ అన్నవి అరుదుగా వస్తాయి. "తూర్పు వాళ్లు" అన్న మాట మాత్రం ప్రతిరోజూ వస్తుంది. పంట ధర, రైలు కిరాయి, భూమి అడుగున ఉన్న నూనె, వీటన్నిటి గురించీ ఎక్కడో దేశ రాజధాని ఒట్టావాలో, టొరంటోలో కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తున్నారన్న కోపం అది. ఆ కోపమే ఒకప్పుడు సోషలిస్టులను గెలిపించింది, తర్వాత కన్సర్వేటివ్‌లను గెలిపించింది.

ఆ కోపానికి మూలం ఈ ప్రెయిరీ నేల, అంటే మానిటోబా, సస్కాచెవాన్, అల్బెర్టా రాష్ట్రాల గడ్డి మైదానాలు, చేతులు మారిన తీరులోనే ఉంది. 1670 నుంచి ఈ ప్రాంతంలో చాలా భాగం కాగితం మీద హడ్సన్స్ బే అనే బ్రిటిష్ బొచ్చు వ్యాపార కంపెనీది. 1869-70లో కంపెనీ దాన్ని 3 లక్షల పౌండ్లకు కెనడాకు వదిలేసింది. అక్కడే బతుకుతున్న క్రీ, సోతో, బ్లాక్‌ఫుట్ జాతులను ఎవరూ అడగలేదు. యూరప్ నుంచి వచ్చిన బొచ్చు వర్తకులకూ ఆదివాసీ స్త్రీలకూ పుట్టినవాళ్ల నుంచి ఒక జాతిగా ఎదిగిన మేటీ ప్రజలనూ అడగలేదు. రెడ్ రివర్ ఒడ్డున మేటీలు లూయీ రియెల్ నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం పెట్టుకుని బేరమాడారు కాబట్టే 1870లో మానిటోబా రాష్ట్రంగా ఏర్పడింది. వాళ్ల పిల్లలకు ఇస్తామన్న 14 లక్షల ఎకరాల పంపిణీ ఏళ్లతరబడి నానింది, అందులో చాలా భాగం చివరికి దళారుల పాలైంది. ఆ హామీని ప్రభుత్వం సరిగా నిలబెట్టుకోలేదని 2013లో కెనడా సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పడమరకు తరలిపోయిన మేటీలు 1885లో మళ్లీ తిరగబడి, మే నెలలో బటోష్ అనే ఊళ్లో నాలుగు రోజులు పోరాడి ఓడిపోయారు. అదే సంవత్సరం నవంబరు నెల ఒక్కటి చూస్తే ఈ ప్రాంత చరిత్ర సగం అర్థమవుతుంది. 7న కెనడియన్ పసిఫిక్ రైలుమార్గానికి చివరి మేకు కొట్టారు. 16న రియెల్‌ను రెజైనాలో ఉరితీశారు. 27న బాటిల్‌ఫర్డ్‌లో ఎనిమిది మంది ఆదివాసీలను ఒకేసారి ఉరితీశారు.

ఆ రైలు మీదే వలస రైతులు వచ్చారు. 1872 చట్టం ప్రకారం 10 డాలర్లు కట్టి, సాగుచేసి, ఇల్లు కట్టుకుంటే 160 ఎకరాలు సొంతం. 1896లో క్లిఫర్డ్ సిఫ్టన్ మంత్రి అయ్యాక యుక్రెయిన్ నుంచి, తూర్పు యూరప్ నుంచి పేద రైతులను వేల కుటుంబాలుగా రప్పించారు. శరదృతువులో కోతలు అయ్యాక పల్లె చర్చిల్లో పెట్టే విందులకు వెళ్తే ఆ వలసంతా ఒకే పళ్లెంలో కనిపిస్తుంది. టర్కీ కోడి పక్కన యుక్రెయిన్ పెరోగీలు, క్యాబేజీ ఆకుల్లో చుట్టిన అన్నం వడ్డిస్తారు. ఊరంతా వండుతుంది, ఊరంతా వడ్డిస్తుంది. కొత్తగా వచ్చిన మాలాంటి వాళ్లను చేతిలో గరిటె పెట్టి కలుపుకుంటారు.

భూమి వచ్చింది కానీ రైతు చేతిలో ఇంకేదీ లేదు. ధాన్యం కొని నిల్వచేసే ఎలివేటర్ (ధాన్యపు గిడ్డంగి) కంపెనీలదే గ్రేడ్, వాళ్లదే ధర, వాళ్లదే తూకం. గ్రేడింగ్ బల్ల దగ్గర పనిచేసేదాన్ని కాబట్టి ఇది నాకు బాగా తెలుసు, గింజను ఒక మెట్టు కిందికి దించితే ఒక కుటుంబం ఏడాది లెక్క మారిపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్న ముఖంలో చూసిన ఆదుర్దానే ఇక్కడి రైతుల ముఖాల్లోనూ చూశాను. 1902లో రెజైనాకు తూర్పున ఉన్న సింటాలూటా అనే చిన్న ఊళ్లో, రైలు పెట్టెలు తమకు వంతుప్రకారం ఇవ్వడంలేదని రైతులు కెనడియన్ పసిఫిక్ రైల్వే ఏజెంటు మీద కేసు వేసి గెలిచారు. అంత పెద్ద రైల్వే కంపెనీని ఓడించిన ఆ ధైర్యంతోనే రైతు సంఘాలు బలపడ్డాయి, 1920ల్లో రైతులే నడిపే గోధుమ పూల్స్, అంటే అందరి పంటా కలిపి అమ్మే సహకార సంఘాలు, వచ్చాయి.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. అల్బెర్టా, సస్కాచెవాన్ 1905లో రాష్ట్రాలయ్యాయి. మిగతా రాష్ట్రాలకు తమ భూములు, ఖనిజాల మీద హక్కు ఉంటే, మూడు ప్రెయిరీ రాష్ట్రాల సహజ వనరులను మాత్రం ఒట్టావా తన దగ్గరే ఉంచుకుంది. 1930లో గానీ ఇవ్వలేదు. పరాయి వలస రాజ్యంలా చూశారన్న మాట ఇక్కడ ఊరికే పుట్టలేదు.

1930ల్లోనే కరువు, దుమ్ము తుపాన్లు, మాంద్యం కలిసి వచ్చాయి. 1932కల్లా గోధుమ ధర బుషెల్‌కు 40 సెంట్ల లోపు పడింది. ఒకే కష్టానికి రెండు రాష్ట్రాలు రెండు జవాబులు వెతుక్కున్నాయి. అల్బెర్టాలో రేడియోలో బైబిల్ బోధించే విలియం అబెర్‌హార్ట్, ప్రతి పెద్దవారికీ నెలకు 25 డాలర్లు ఇస్తానని చెప్పి 1935లో సోషల్ క్రెడిట్ పార్టీని గద్దె ఎక్కించాడు. సస్కాచెవాన్‌లో సీసీఎఫ్ అనే సోషలిస్టు పార్టీ పెరిగింది. 1933లో రెజైనాలోనే తన ప్రణాళిక ప్రకటించిన ఆ పార్టీ, 1944లో టామీ డగ్లస్ నాయకత్వంలో ఉత్తర అమెరికాలోనే మొదటి సోషలిస్టు ప్రభుత్వం ఏర్పరిచింది. డగ్లస్ కూడా బాప్టిస్టు పాస్టరే. పట్నం బ్యాంకులను తిట్టే మతబోధకుడి గొంతు ఇద్దరిలోనూ వినిపిస్తుంది.

1947లో ఆసుపత్రి బీమా, 1962 జులై 1న డాక్టర్ ఖర్చులకు బీమా వచ్చాయి. అప్పటికి డగ్లస్ ఫెడరల్ రాజకీయాల్లోకి వెళ్లిపోయాడు, పథకాన్ని నిలబెట్టింది వుడ్రో లాయిడ్. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. మా ప్లాంటుకు మసూర్ తెచ్చే ఒక పెద్దాయన తండ్రి అప్పట్లో డాక్టర్ల తరఫున ఊరేగింపుకు వెళ్లాడట, తల్లి ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదట. 1964 ఎన్నికల్లో లాయిడ్ ఓడిపోయాడు, పథకం మాత్రం మిగిలి దేశమంతా పాకింది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రిలో హెల్త్ కార్డు చూపించమన్నారు, అంతే. ఆ రోజు లాయిడ్ పేరు నాకు తెలియదు. ఇప్పుడు తలచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మరి గాలి ఎటు తిరిగింది? 1947లో అల్బెర్టాలో లడూక్ దగ్గర నూనె పడింది. 1980లో ఒట్టావా తెచ్చిన నేషనల్ ఎనర్జీ ప్రోగ్రామ్ కింద పడమటి నూనె ధరను ప్రపంచ ధరకన్నా తక్కువకు కట్టేశారు. పాత గాయం మీద అది కారం చల్లింది. దాన్ని తెచ్చిన లిబరల్ పార్టీ మీద ఇక్కడ కోపం చాలాకాలం పోలేదు. 1987లో "పడమర లోపలికి రావాలనుకుంటోంది" అన్న నినాదంతో రిఫార్మ్ పార్టీ పుట్టింది, అదే చివరికి నేటి కన్సర్వేటివ్ పార్టీలో కలిసింది. 2019, 2021 ఫెడరల్ ఎన్నికల్లో సస్కాచెవాన్‌లో ఉన్న 14 సీట్లూ ఆ పార్టీకే పోయాయి.

అయినా అదే సస్కాచెవాన్‌లో నా ఫోను, కరెంటు, గ్యాసు, కారు బీమా అన్నీ ప్రభుత్వ సంస్థలవే. 2007 నుంచి కన్సర్వేటివ్ ధోరణి ఉన్న సస్కాచెవాన్ పార్టీ పాలిస్తున్నా వాటిని అమ్మే సాహసం చేయలేదు. 2017లో వాటా అమ్మకానికి దారితీసే చట్టం తెచ్చి, జనం గట్టిగా ఎదురుతిరిగితే వెనక్కి తీసుకుంది. 2024 రాష్ట్ర ఎన్నికల్లో రెజైనా, సస్కటూన్ నగరాలు దాదాపు మొత్తం సీసీఎఫ్‌కు వారసురాలైన ఎన్‌డీపీ వైపు వెళ్లాయి. బయటి నుంచి పటంలో ఒకే రంగు కనిపించినా, లోపల ఇంత కలగలుపు ఉంది.

సహకార ఉద్యమ కథ చెప్పేటప్పుడు పక్కన పెట్టకూడని నిజం ఒకటి ఉంది. వలస రైతులు రైలు పెట్టెల కోసం కోర్టుకెళ్లి గెలిచిన కాలంలోనే, ఒప్పందాలు చేసుకున్న ఆదివాసీలు తాము పండించిన ధాన్యం అమ్ముకోవాలంటే ప్రభుత్వ ఏజెంటు దగ్గర పర్మిట్ తీసుకోవాల్సి వచ్చేది. 1885 తర్వాత రిజర్వు (వాళ్లకు కేటాయించిన భూమి) దాటి వెళ్లాలంటే పాసు కావాలనేవారు, దానికి చట్టం ఆధారం కూడా లేదు. పిల్లలను ఇంటి నుంచి విడదీసి, సొంత భాష, సంస్కృతి మరిపించే రెసిడెన్షియల్ స్కూళ్లకు లాక్కెళ్లారు. రెజైనాలో ఈరోజు ఏ సభ మొదలుపెట్టినా ఇది ట్రీటీ 4 భూమి, అంటే ఆదివాసీలతో చేసుకున్న నాలుగో నంబరు ఒప్పందం కిందిది, అని చెప్తారు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఆ వాక్యం దగ్గర ఫోను చూసుకుంటుంటే నాకు బాధేస్తుంది. మనం ఇల్లు కొనుక్కున్న నేల అదే. 2023లో మానిటోబాకు ఫస్ట్ నేషన్స్ (ఆదివాసీ జాతుల) వ్యక్తి వాబ్ కిన్యూ ప్రీమియర్ (ముఖ్యమంత్రి) అయిన రోజు మా ప్లాంటులో ఒక క్రీ సహోద్యోగిని ఏడ్చింది. ఆమె ఎందుకు ఏడ్చిందో పైన రాసిన నవంబరు తేదీలు తెలిస్తే అర్థమవుతుంది.

ఇటు వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే. ఊళ్లలో రైతులు పొద్దున్నే చేరి మాట్లాడుకునే చోటును ఇక్కడ కాఫీ రో అంటారు. అక్కడ కూర్చుంటే ఎవరికి ఓటేశారని అడగకండి. పడమటి రైతుల గోధుమను తానొక్కటే అమ్మిన గోధుమ బోర్డు గుత్తాధిపత్యాన్ని 2012లో రద్దు చేయడం మంచిదా చెడ్డదా అని అడగండి. తండ్రీ కొడుకులే రెండు వైపులా వాదిస్తారు, మధ్యాహ్నం దాకా.