సాఫ్ట్‌వేర్ కంటే ముందు అడ్వాన్సుల పుస్తకం కొనండి

గాజువాక ఆటోనగర్‌లో 14 మందితో ఫ్యాబ్రికేషన్ షెడ్డు, హెచ్‌ఆర్‌కి విడిగా మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మంచిదని అడిగారు. ఇప్పుడే ఏదీ తీసుకోకండి. ఇంత చిన్న షెడ్డులో గొడవలు పుట్టేది దాదాపు రెండు చోట్లే. ఇచ్చిన అడ్వాన్సు యజమానికి ఒక లెక్క, పనివాడికి ఒక లెక్క గుర్తుండటం ఒకటి. రోజు కూలీ ఎలా కట్టారో ఎవరికీ తెలియకపోవడం రెండోది. ఈ రెండూ కాగితం మీదకి రాకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ముందు కూలీ లెక్క. జీతాల రోజు సాయంత్రం ఏం జరుగుతుందో చూడండి. వెల్డర్ నెల జీతం 18,000. మూడు రోజులు రాలేదు, 20 గంటలు ఓటీ (మామూలు వేళలకి మించి పని) చేశాడు. చాలా షెడ్లలో రాని రోజులకి 26తో (ఆదివారాలు పోను నెలలో పనిదినాలు) భాగించి కోస్తారు, ఓటీకి మాత్రం 30తో భాగించి సింగిల్ రేటు ఇస్తారు. అంటే కోత 2,077, ఓటీ 1,500. పనివాడు చదువుకోకపోయినా ఈ తేడా పట్టేస్తాడు. బయటికి అనడు, అంతే. రెండు నెలల తర్వాత స్టీల్‌ప్లాంట్ షట్‌డౌన్ (మరమ్మతులకి ప్లాంటు ఆపినప్పటి) పనికి ఎవరో కాంట్రాక్టర్ పిలవగానే చెప్పకుండా వెళ్లిపోతాడు. ‘మనవాళ్లకి విశ్వాసం లేదు’ అని యజమానులు అనుకోవడం ఎన్నిసార్లు విన్నా నాకు కష్టంగానే ఉంటుంది. పోయింది విశ్వాసం కాదు, లెక్క.

రెండింటికీ 26 పెట్టండి. రోజుకి 692, గంటకి 86.54, ఓటీకి దానికి రెట్టింపు 173. అప్పుడు కోత 2,077, ఓటీ 3,462, మొత్తం 19,385. అందులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చందా, ఓటీ కూడా కలిపి లెక్కిస్తే 0.75 శాతం, అంటే 146 (పైసలుంటే పై రూపాయికి సరిచేస్తారు). వృత్తి పన్ను 150. మన రాష్ట్రంలో 15,000 దాకా ఈ పన్ను లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. అడ్వాన్సు వాయిదా 2,000 పోతే చేతికి 17,089. ఈ అంకెలన్నీ తెలుగులో ఒక చిన్న స్లిప్పు మీద రాసి ఇవ్వండి. డబ్బు బ్యాంకులో వేసినా స్లిప్పు మాత్రం చేతికివ్వాలి. 7వ తేదీ దాటనివ్వకండి.

ఇక అడ్వాన్సులు. మీ సొంత ఫోన్‌పే నుంచి ఒకసారి 500, చేతినగదు ఒకసారి 1,000, మీరు ఊళ్లో లేనప్పుడు మీ తమ్ముడి దగ్గర ఇంకొంత. ఇలా మూడు దారుల్లో పోతే నెలాఖరుకి బ్రహ్మదేవుడు కూడా తేల్చలేడు. ఒకే ఫోన్ నంబరు, ఒకే పుస్తకం, ఒకే మనిషి చేత్తో ఇవ్వండి. మనిషికో పేజీ. ఆ పేజీలో తేదీ, మొత్తం, నెలకి ఎంత చొప్పున ఎన్ని నెలల్లో తీరాలి, ఇప్పటికి బాకీ ఎంత, సంతకం. 12,000 ఇస్తే పక్కనే ‘నెలకి 2,000, ఆరు నెలలు’ అని ఇచ్చిన రోజే రాయించాలి. తర్వాత రాద్దామనుకున్నది ఎవరూ రాయరు. జీతం ఇచ్చే రోజు బాకీ ఎంతో పైకి చదివి వినిపించాలి. పాత బాకీ ఒక నెల జీతం దాటనివ్వకండి. ఆసుపత్రి ఖర్చుకి తప్ప ఈ హద్దు సడలించవద్దు. అంతకు మించితే అతను తీర్చలేక పని మానేస్తాడు, మీ డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు.

పేజీ మీద పేరు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మన ఉత్తరాంధ్రలో 14 మందిలో ఇద్దరు అప్పలరాజులు, ఒక అప్పలనాయుడు, ఒక సింహాచలం ఉండటం మామూలే. తండ్రి పేరు, ఊరు తప్పనిసరిగా రాయండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి బ్యాంకు పాస్‌బుక్‌లో వెనక ఉంటే చేరిన వారంలోనే సరిచేయించండి. లేకపోతే ఆ తేడా సరిగ్గా ఆసుపత్రిలో బయటపడుతుంది.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి ఈఎస్‌ఐ సంగతి. 10 మంది దాటారు కాబట్టి మీకు అది తప్పదు. కాంట్రాక్టర్ పంపిన హెల్పర్లూ లెక్కలోకి వస్తారు. పీఎఫ్ 20 మంది నుంచి. ఈఎస్‌ఐలో మీ వాటా 3.25 శాతం, వచ్చే నెల 15లోగా కట్టాలి. జీతం 21,000 దాటితే చేర్చనక్కర్లేదు, కానీ ఆ హద్దు చూసేటప్పుడు ఓటీ కలపకూడదు. 2025 నవంబరు 21 దాకా ఉన్న ఈఎస్‌ఐ చట్టంలో చందా కట్టేటప్పుడు మాత్రం కలిపేవారు. ఇక్కడే చాలామంది తలకిందులు చేస్తారు.

నన్ను బాగా బాధించేది ఈ ఈఎస్‌ఐ పని చూసిపెట్టే కన్సల్టెంట్ల పద్ధతి. నెల నెలా చలాన్ కట్టేసి పని అయిపోయిందంటారు. కుటుంబ సభ్యుల వివరాలు ఎక్కించరు, ఫోన్ నంబరు తమదే వేసేస్తారు. శనివారం రాత్రి గ్రైండింగ్ వీల్ పగిలి ఒకరి చేయి తెగితే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఓటీపీ కన్సల్టెంట్ ఫోన్‌కి వెళ్తుంది, ఆయన ఎత్తడు. అందుకే మనిషి చేరిన 10 రోజుల్లో నమోదు చేయించి, కార్డు ప్రింటు తీసి, ఒకటి అతని ఇంటికి, ఒకటి మీ ఫైల్లో పెట్టండి. ఫోన్ నంబరు అతనిదేనా అని మీరే చూడండి. పనిలో దెబ్బ తగిలితే ప్రమాద నివేదిక వెంటనే పంపాలి. పని చేయలేని రోజులకి వేతనంలో 90 శాతం దాకా వస్తుంది, దానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. ఇది పనివాడికి చెప్పేవాళ్లే ఉండరు.

హాజరుకి వేలిముద్ర మిషన్ అమ్మేవాళ్లు వస్తారు. గ్రైండింగ్, వెల్డింగ్ చేసే వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి, మిషన్ పట్టదు, గేటు దగ్గర వరస కడతారు. రిజిస్టరు చాలు. కాకపోతే ఏ రోజు సంతకం ఆ రోజే. నెలంతా ఒకే పెన్నుతో ఒకేసారి నింపినట్టు కనిపిస్తే తనిఖీకి వచ్చినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

సంక్రాంతి గురించి డిసెంబరు మొదటి వారంలోనే మాట్లాడండి. శ్రీకాకుళం, పార్వతీపురం వాళ్లంతా భోగికి ముందే వెళ్తారు. కనుమ అయ్యాక ఎప్పుడొస్తారో అప్పుడే రాయించండి. సగం మంది భోగికి వెళ్లి కనుమ మర్నాడు, మిగతావాళ్లు వాళ్లొచ్చాక, అని రెండు జట్లు చేస్తే షెడ్డు మూతపడదు. తిరిగి రావాలని జీతం ఆపకండి, అది వాళ్ల సొమ్ము. పండగ అడ్వాన్సు మీ ఇష్టం కాబట్టి, సగం ముందూ సగం వచ్చాకా ఇవ్వొచ్చు. ఐటీఐ సర్టిఫికెట్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోవడం మాత్రం చేయకండి, అది తాకట్టే.

మానేసేవాళ్ల లెక్క 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో తేల్చాలి. అడ్వాన్సుల పేజీ సరిగ్గా ఉంటే అరగంట పని. 10 మంది దాటారు కాబట్టి గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసినవాడు మానేసేటప్పుడు ఇవ్వాల్సిన మొత్తం) కూడా మీ మీద ఉంది. 18,000 మొత్తం బేసిక్ (మూల వేతనం) అనుకుంటే ఏడాదికి 15 రోజుల వేతనం, 10,385. దానికోసం మనిషికి నెలకి 865 చొప్పున విడిగా ఒక ఖాతాలో వేస్తూ పోండి. ఐదేళ్లు నిండినవాడు ఒక్కసారిగా మానేసిన నెలలో ఇనుము కొనే డబ్బులోంచి తీయాల్సిన అవసరం రాదు.