పెద్ద మస్కీ లూర్లకు రాడ్: 8 అడుగులా, 9 అడుగులా, 9.5 అడుగులా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మినియాపొలిస్ దగ్గర ఉంటున్నారు, బాస్ అనే చేప కోసం కొన్న 7 అడుగుల మీడియం హెవీ రాడ్ ఉంది, ఈ ఏడాది మిల్ లాక్స్ సరస్సులో మస్కీ (మంచినీటి పెద్ద వేట చేప) ప్రయత్నిద్దామనుకుంటున్నారు. డబుల్ టెన్ బక్‌టెయిల్స్ (రెండు రేకులు తిరిగే లూర్లు, అంటే కృత్రిమ ఎరలు), మాగ్నమ్ బుల్‌డాగ్‌లు (పెద్ద రబ్బరు లూర్లు) విసరాలి. మీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బోటు 17 అడుగుల అల్యూమినియంది, ఒక్క రాడ్‌కే డబ్బు కేటాయించగలరు.

సూటిగా చెప్పాలంటే 9 అడుగుల హెవీ రాడ్ తీసుకోండి. రాడ్ మీద రాసిన లూర్ బరువు 3 నుంచి 10 ఔన్సుల చుట్టుపక్కల ఉండాలి, వంపు మాడరేట్ ఫాస్ట్ కావాలి. 9.5 అడుగులది మీ ఎత్తుకు వద్దు. 8 అడుగులది జెర్క్‌బెయిట్లే (రాడ్‌తో కుదుపుతూ నడిపే లూర్లు) ఎక్కువగా వాడేవాళ్లకు నప్పుతుంది.

ముందు మీ బాస్ రాడ్ సంగతి. దాని మీద పావు ఔన్సు నుంచి 1 ఔన్సు వరకు అనో, మహా అయితే 1.5 ఔన్సుల వరకు అనో ఉంటుంది. మాగ్నమ్ బుల్‌డాగ్ 8–9 ఔన్సులు తూగుతుంది, అంటే దాదాపు పావు కిలో. దాన్ని ఈ రాడ్‌తో బలంగా విసిరితే విరిగే ప్రమాదం చాలా ఎక్కువ. ‘మీడియం హెవీ’ అన్న మాటకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. బాస్ రాడ్ మీద ఆ మాటకు ఒక అర్థం, మస్కీ రాడ్ మీద ఇంకో అర్థం. రెండు కంపెనీల ‘హెవీ’లు కూడా ఒకలా ఉండవు. ఆ మాట పక్కన పెట్టి ఔన్సుల అంకె చదవండి.

అంకె చదివినా బక్‌టెయిల్ దగ్గర చాలామంది పొరబడతారు. డబుల్ టెన్ బక్‌టెయిల్ తూకానికి సుమారు 3 ఔన్సులే. కానీ రెండు నంబర్ 10 రేకులు నీళ్లలో తిరగడం మొదలయ్యాక అది లాగే లాగుడు, తూకంలో దానికి రెండింతలుండే రబ్బరు లూర్ కంటే ఎక్కువ. ‘1–4 ఔన్సులు’ రాసిన రాడ్ కొంటే విసరడం బాగానే ఉంటుంది. చుట్టేటప్పుడు మాత్రం అది మొదటి నుంచి చివరి దాకా సగం వంగే ఉంటుంది. చేప పట్టినప్పుడు గాలం గుచ్చడానికి రాడ్‌లో ఇంక సత్తువ మిగలదు.

ఇప్పుడు పొడవు. పొడవాటి రాడ్ దూరం విసరడానికే అనుకుంటారు. దూరం కొంత పెరుగుతుంది, నిజమే. కానీ అసలు లాభం బోటు పక్కన. మస్కీ లూర్ వెంట బోటు దాకా వచ్చి, కొరకకుండా కిందనే చూస్తూ ఉండటం మామూలు. అందుకే ప్రతి విసురు చివరా రాడ్ కొస నీళ్లలో ముంచి, లూర్‌ను 8 అంకె ఆకారంలో తిప్పుతారు. నాలుగడుగుల చేప ఇరుకు మలుపు తిరగలేదు. మలుపు వెడల్పుగా ఉంటే వెంటబడుతుంది, బిగుతుగా ఉంటే లూర్ కనుమరుగై వెళ్లిపోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. బోటు ముందు డెక్ మీద కాస్త వంగి నిలబడితే చేతులు నీటికి 4 అడుగుల పైన ఉంటాయి. రాడ్ కొస 1 అడుగు నీటిలో మునగాలి. అంటే చేతి నుంచి కొస వరకు కిందికి 5 అడుగులు పోవాలి. 7 అడుగుల రాడ్‌లో చేతికి ముందు మిగిలేది 5.75 అడుగులు. లంబకోణ త్రిభుజం గీసి చూస్తే బోటు నుంచి బయటికి అందేది 2.8 అడుగులే. పొడవాటి రాడ్లకు చేతి వెనక 1.5 అడుగులు పోతాయనుకుంటే, 8 అడుగుల రాడ్‌తో 4.2, 8.5తో 4.9, 9తో 5.6, 9.5తో 6.2 అడుగులు అందుతుంది. 7 నుంచి 9కి వెళ్తే అందుబాటు రెట్టింపవుతుంది, 9 నుంచి 9.5కి వెళ్తే అర అడుగు పైచిలుకే కలిసొస్తుంది. నేను 9 దగ్గర ఆగమనేది ఇందుకే. ఎత్తైన డెక్ ఉన్న పెద్ద ఫైబర్‌గ్లాస్ బోటులో నిలబడేవాళ్లకు ఆ అర అడుగు అవసరం కావచ్చు. మీ 17 అడుగుల అల్యూమినియం బోటు సాధారణంగా నీటికి దగ్గరగానే ఉంటుంది. అలా నీటికి దగ్గరగా ఉన్నంత మేర పొడవు అవసరం తగ్గుతుంది: చేతులు నీటికి 3 అడుగుల పైనే ఉంటే 7 అడుగుల రాడ్ కూడా 4 అడుగులు అందుతుంది.

పొడవుకు చెల్లించే మూల్యం మీ మణికట్టు, భుజం. రాడ్ అంటే తులాదండమే, ముందు భాగం ఎంత పొడవో అంత భారం వెనక చేతి మీద పడుతుంది. చేతికి ముందు 7.5 అడుగులు, వెనక 1.5 అడుగులు ఉంటే కొస మీది ప్రతి ఔన్సూ వెనక చేతికి 5 ఔన్సులుగా తెలుస్తుంది. అదే 9 అడుగుల రాడ్‌కు వెనక పిడి 1.25 అడుగులే ఉంటే 6 ఔన్సులు దాటుతుంది. కాబట్టి పొడవుతో పాటు వెనక పిడి కొలత కూడా అడగండి. అలాగని మరీ పొడవు పిడి కూడా వద్దు: 8 తిప్పేటప్పుడు అది పొట్టకో లైఫ్ జాకెట్‌కో అడ్డుపడి, సరిగ్గా మలుపు దగ్గర లూర్ ఆగిపోతుంది. మీ ఎత్తుకు పిడి చివర నుంచి రీల్ పట్టే చేతి దాకా 16–18 అంగుళాలు సరిపోతుంది.

జెర్క్‌బెయిట్ల విషయం వేరు. సూయిక్ లాంటి కొయ్య లూర్లను రాడ్ కొస కిందికి కొడుతూ నడిపించాలి. 5 అడుగుల 6 అంగుళాల మనిషి 9 అడుగుల రాడ్‌తో కిందికి కొడితే కొస ప్రతిసారీ నీళ్లకు తగులుతుంది. పక్కకు కొట్టవచ్చు, కానీ గంటలో నడుము పట్టేస్తుంది. మీరు చెప్పిన రెండు రకాలకూ ఈ ఇబ్బంది లేదు. బుల్‌డాగ్‌ను కూడా రాడ్‌తో పొడవుగా లాగి వదులుతారు గానీ, పక్కకు లాగితే సరిపోతుంది.

వంపు గురించి. ఎక్స్‌ట్రా ఫాస్ట్ రాడ్‌లో కొస ఒక్కటే వంగుతుంది, మిగతాది కర్రలా ఉంటుంది. పావు కిలో రబ్బరును దానితో విసిరితే కుదుపు అంతా మోచేతికి వస్తుంది. మాడరేట్ ఫాస్ట్‌లో పైనుంచి మూడో వంతు దాటి కిందికి వంగి, లూర్ బరువును రాడ్ తన మీద వేసుకుంటుంది. బోటు పక్కన మూడడుగుల దారం మీద చేప కొట్టినప్పుడు కూడా ఆ వంపే కాపాడుతుంది. ఎందుకంటే బ్రెయిడ్ (అల్లిన దారం) లైన్ దాదాపు సాగదు. గట్టి రాడ్, సాగని లైన్, బిగిసిన డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే రీల్ బ్రేకు) మూడూ కలిస్తే గాలం చీరుకుని ఊడి వస్తుంది.

పౌండర్ బుల్‌డాగ్ 16 ఔన్సులు, అంటే 450 గ్రాములు. ఆ కోరిక ఇప్పటికి వదిలేయండి. దానికి వేరే డబుల్ ఎక్స్‌ట్రా హెవీ రాడ్ కావాలి, ఆ రాడ్ మీద బక్‌టెయిల్ చప్పగా ఉంటుంది. ఒక్క రాడ్‌తో 3 నుంచి 16 ఔన్సులు విసరాలంటే ఏదీ సరిగ్గా విసరలేరు.

400 సైజు ‘లో ప్రొఫైల్’ (ఎత్తు తక్కువ) రీల్ చాలు, ముందు బక్‌టెయిల్‌కు చూసుకోండి. గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్, అంటే దారం చుట్టుకునే చక్రం, ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ అంకె) 5 చుట్టుపక్కల ఉంటే డబుల్ టెన్ లాగుడును తట్టుకుంటుంది. 7 దాటితే వేగం వస్తుంది కానీ హ్యాండిల్ తిప్పడమే కష్టం. 80 పౌండ్ల బ్రెయిడ్ వేయండి. ‘మస్కీ 30 పౌండ్లు ఉంటుంది, 50 పౌండ్ల లైన్ చాలదా’ అంటారు. లైన్ చేప కోసం కాదు, లూర్ కోసం. విసురు మధ్యలో రీల్‌లో చిక్కు పడిందంటే పావు కిలో లూర్ గాల్లో ఒక్కసారిగా ఆగాలి. సన్నని బ్రెయిడ్ ఆ కుదుపుకు టప్పున తెగి, లూర్ సరస్సు పాలవుతుంది. లీడర్, అంటే లూర్‌కు ముందు కట్టే గట్టి దారపు ముక్క, 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్, 12–14 అంగుళాలు. లీడర్ పొడవైతే 8 తిప్పేటప్పుడు లూర్ కొసకు దూరంగా ఉండిపోతుంది. దాన్ని దగ్గరికి లాక్కోవాలని చుట్టారో, స్వివెల్ (లీడర్‌ను లైన్‌కు కలిపే, గుండ్రంగా తిరిగే ముక్క) వెళ్లి కొస రింగును కొట్టి లోపలి సిరామిక్ పగులుతుంది. ఆ సన్నని పగులు కంటికి కనపడదు, లైన్‌ను మాత్రం కోసేస్తూ ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి దూదిని రింగులో తిప్పి చూడండి. పోగు పట్టుకుంటే రింగు పోయినట్టే.

విసరడంలో బాస్ అలవాటు మార్చుకోవాలి. మణికట్టుతో ఝాడించడం కుదరదు. లీడర్ మొత్తం బయటికి వచ్చి లూర్ కొస కింద 18–24 అంగుళాలు వేలాడాలి. రెండు చేతులతో పట్టి, వెనక్కి నెమ్మదిగా తీసుకెళ్లి, రాడ్ మీద బరువు తెలిశాక ఒకే ఊపులో ముందుకు తోయండి. వెనక చేయి పిడిని పొట్ట వైపు లాగాలి, ముందు చేయి ఇరుసులా ఉండాలి. రీల్ పక్కనుండే స్పూల్ టెన్షన్ నాబ్‌ను, లూర్ బరువుకు స్పూల్ నెమ్మదిగా తిరిగేంత బిగించి మొదలుపెట్టండి. లూర్ నీళ్లను తాకే క్షణంలో బొటనవేలు స్పూల్ మీద ఉండాలి. 9 అడుగుల రాడ్, రెండడుగుల వేలాడే లూర్ వెనక్కి వెళ్తే చుట్టూ 11 అడుగులు గాలాలు తిరుగుతున్నట్టే. పక్కవాళ్లు ఎక్కడున్నారో ప్రతిసారీ తల తిప్పి చూడాల్సిందే.

బక్‌టెయిల్‌ను చుట్టేటప్పుడు రాడ్‌ను లైన్‌కు అడ్డంగా పట్టకండి. కొస నీళ్ల వైపు దించి, లైన్‌కు 20–30 డిగ్రీల కోణంలో ఉంచితే లాగుడు రీల్ మీద పడుతుంది, చేతి మీద పడదు. రోజంతా విసరగలగడం అనేది సగం ఇక్కడే ఉంది.

కొనేముందు మీ బోటు రాడ్ లాకర్ లోపల టేపు పెట్టి కొలవండి. చాలా బోట్లలో 9 అడుగులు పట్టదు. అప్పుడు టెలిస్కోపిక్ రాడ్ మేలు: కింది భాగం పిడిలోకి దిగి 7–7.5 అడుగులకు కుదించుకుంటుంది. కారులోనూ పడుతుంది. దీన్ని సరిగ్గా వాడాలి. మడిచే ముందు లూర్ విప్పేయండి, లేకపోతే వదులైన లైన్ కొసకు చుట్టుకుంటుంది. తెరిచేటప్పుడు కొద్దిగా తిప్పుతూ పూర్తిగా లాగి, రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. కీలు సగమే లాగిన రాడ్ మొదటి గట్టి విసురుకే అక్కడ చిట్లుతుంది. కీలులో ఇసుక చేరితే బిగుసుకుపోతుంది, తడిగుడ్డతో తుడిచి కొద్దిగా కొవ్వొత్తి మైనం రుద్దండి.

ఆన్‌లైన్‌లో కాకుండా, మినియాపొలిస్ శివారు బ్లెయిన్‌లోని థోర్న్ బ్రదర్స్ లాంటి మస్కీ సామాను దుకాణానికి మీ రీల్ తీసుకెళ్లి కొనండి. రీల్ బిగించి, విసిరే చేత్తోనే పట్టుకుని, కొసను నేలకు సమాంతరంగా ఒక నిమిషం ఉంచండి. కొస కిందికి లాగుతూ మణికట్టు నొస్తే ఆ రాడ్ మీది కాదు, ధర ఎంత ఎక్కువైనా సరే. తర్వాత పిడిని మోచేతి కిందికి ఆనించి గాల్లో 8 తిప్పండి, పొట్టకు తగులుతోందా లేదా అక్కడే తెలిసిపోతుంది.

రాడ్లు ఎక్కువగా విరిగేది చేపతో పోరాడేటప్పుడు కాదు, చివర్లో. చేప వల దగ్గరికి వచ్చాక రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తితే భారమంతా పై రెండడుగుల మీద పడి పుటుక్కుమంటుంది. పొడవాటి రాడ్‌తో ఈ తప్పు ఇంకా తేలిక, ఎందుకంటే చేపను దగ్గరికి తేవాలంటే ఎత్తాలనిపిస్తుంది. ఎత్తకుండా పక్కకు వాల్చి, ఒకడుగు వెనక్కి వేసి చేపను వల మీదికి నడిపించండి. గాలాలు తీయడానికి పొడవాటి ప్లయర్లు, వాటిని కత్తిరించే కట్టర్ రెండూ వల పక్కనే ఉండాలి. గట్టి రాడ్ వల్ల పోరాటం తొందరగా ముగుస్తుంది, చేప అలసిపోకముందే తిరిగి నీళ్లలోకి వెళ్తుంది. మిన్నెసోటాలో సరిహద్దు జలాలు కాని సరస్సుల్లో 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోకూడదు, కాబట్టి మీరు పట్టేవి దాదాపు అన్నీ వదలాల్సినవే. నీరు 27 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో ఎంత జాగ్రత్తగా వదిలినా బతకడం కష్టం, ఆ రోజుల్లో మస్కీ జోలికి పోవద్దు.

రాడ్ వచ్చాక సరస్సుకు వెళ్లేముందు ఒక సాయంత్రం బోటును డాక్‌కు కట్టి, గాలాలు తీసేసిన బుల్‌డాగ్‌తో సాధన చేయండి. లీడర్ కొసకు ఒక అడుగు దూరంలో ఉన్నప్పుడు చుట్టడం ఆపి, కొసను నీళ్లలో ముంచి, లూర్ వేగం తగ్గకుండా మొదటి మలుపులోకి తీసుకెళ్లాలి. మలుపు దగ్గర కొసను కాస్త లోతుకు దించి, నేరుగా వచ్చే చోట పైకి తేవాలి. ఆగకుండా పది సార్లు తిప్పగలిగితే పొడవు మీకు సరిపోయింది. నాలుగో సారికే భుజం బరువెక్కితే, దుకాణం ఒప్పుకుంటే మార్చి 8.5 అడుగులది తెచ్చుకోండి.