ఫ్రిస్కో వెళ్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ మెయిల్ చదివాను. సెప్టెంబర్ నుంచి మూడు నెలలు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇంజినీరింగ్ స్నేహితురాలి ఇంట్లో ఉంటానని, తిరిగొచ్చేలోపు పది యాత్రా వ్యాసాలు రాయాలని ఉందని అన్నావు. నయాగరా, గ్రాండ్ కాన్యన్, వాషింగ్టన్, హ్యూస్టన్‌లో నాసా అంటూ నువ్వు పంపిన లిస్టు చూశాను. లెక్కేస్తే అవన్నీ కలిపి పన్నెండు రోజులు. మిగతా రోజులన్నీ నువ్వు ఆ ఇంట్లోనే, ఆ వీధుల్లోనే ఉంటావు. వాటి గురించి లిస్టులో ఒక్క వ్యాసమూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయల్దేరి, దారి పొడుగునా స్నేహితుడికి ఉత్తరాలు రాశాడు. గుళ్ల గురించి, గంగ గురించి రాశాడు, నిజమే. కానీ ఈ రోజుకీ ఆయన్ని వదలకుండా చదివించేది మజిలీల వివరం. ఈ ఊళ్లో బావులున్నాయా, అంగళ్లున్నాయా, ఏం దొరుకుతుంది, దిగడానికి చోటెక్కడ! ఫ్రిస్కో నీకు మజిలీ. దాన్ని అలా చూడు.

2000 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది 33,714 మంది. 2020 నాటికి 2,00,509. ఇరవై ఏళ్లలో పొలాల మీద ఇళ్లు లేచిన ఊరది. అందులో మనవాళ్లు ఎంతమందో సాయంత్రం ఎండ తగ్గాక వీధిలోకి వస్తే నీకే తెలుస్తుంది. పగలంతా ఆ వీధిలో గరాజ్ తలుపు లేచే చప్పుడు, దిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు. సాయంత్రం మాత్రం అమ్మలూ నాన్నలూ బయటికొస్తారు. చీర కింద తెల్లటి స్పోర్ట్స్ షూ, పైన కొడుకు పాత స్వెట్‌షర్ట్. "మీదేవూరమ్మా?" అన్నది మొదటి ప్రశ్న. "ఎప్పుడెళ్తున్నారు?" అన్నది రెండోది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు కాబట్టి, అందరూ రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంటారు.

వాళ్లతో నడువు. ఎందుకంటే నీ పరిస్థితీ వాళ్ల పరిస్థితీ ఒకటే. నీకు అక్కడ కారు ఉండదు. నేను వెళ్లినప్పుడు డాలస్ లోకల్ రైలు డార్ట్ పక్కనున్న ప్లేనో దాకా వచ్చేది కానీ ఫ్రిస్కోకి రాలేదు. పాల ప్యాకెట్టుకైనా, కార్యసిద్ధి హనుమాన్ గుడికైనా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. "కొంచెం దింపుతావా?" అని అడగడానికి ముందు మనసులో రెండుసార్లు వెనకాడతాం చూడు, ఊళ్లో ఇల్లంతా తన చేతి మీద నడిపిన పెద్దావిడ అక్కడ రోజూ అలాగే వెనకాడుతుంది. దాని గురించి రాయి. ఆ బిడియం నీకూ తెలుస్తుంది కాబట్టి రాయగలవు.

ఇంట్లో పనిలోకి దిగు. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. సోఫాలో కూర్చుంటే ఇల్లు కనపడదు, సింక్ దగ్గర నిలబడితే కనపడుతుంది. పోపు వేసిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతుందని కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతూ నిలబడ్డాకే, చేపల వేపుడికి గరాజ్‌లో ఇంకో స్టవ్ ఎందుకు పెట్టుకున్నారో నాకు అర్థమైంది. డిష్‌వాషర్ ఉంటుంది. చాలా ఇళ్లలో అది చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టే అరే. రాత్రి ఎనిమిదిన్నరకి, గిన్నెలు సర్దుతుండగానే, ఇండియాకి ఫోన్ వెళ్తుంది. ఇక్కడ అప్పుడు పొద్దున్న ఏడు. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం ఒక గంట వెనక్కి జరిగాక ఎనిమిదవుతుంది. ఆ రోజు నుంచి ఇక్కడున్న అమ్మలు కాఫీ తాగి ఒక గంట ఎదురుచూస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. 2018లో నేను అక్కడ ఒక స్నేహితురాలి ఇంట్లో ఏడు వారాలున్నాను. ఆ మధ్యలోనే వాళ్లాయన ఉద్యోగం పోయింది. హెచ్ వన్ బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఉండేది 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆవిడ రోజుకొక గడి పెన్సిల్‌తో కొట్టేసేది, పిల్లలకి అర్థం కాకుండా చాలా సన్నగా. నేను మాత్రం చూశాను. తిరిగొచ్చి దాని మీద వ్యాసం రాశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చలేదు. చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ వీధిలో నలుగురు చదివారు, నలుగురికీ అది ఎవరి ఇల్లో తెలిసిపోయింది.

ఆవిడ నాతో గొడవపడలేదు. ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. మూడేళ్ల తర్వాత నేనే వెళ్లి క్షమాపణ అడిగాను. "నువ్వు అడిగుంటే రాయమనేదాన్నే" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. నీకు ఈ ఉత్తరంలో చెప్పొచ్చా అని నిన్న ఆవిడకి ఫోన్ చేసి అడిగాను, చెప్పమంది.

కాబట్టి రాసింది ముందు నీ స్నేహితురాలికి చదివి వినిపించు. మెయిల్‌లో పంపితే "బాగుంది" అని ఊరుకుంటుంది. పక్కన కూర్చుని చదివితే, ఏ వాక్యం దగ్గర పని చేస్తున్న తన చెయ్యి ఆగిందో నీకు కనపడుతుంది. ఆ వాక్యం తీసెయ్యి. అది ఎంత మంచి వాక్యమైనా సరే. ఆ నష్టాన్ని నువ్వు తట్టుకోగలవు.

లగేజీ సంగతి అడిగావు. పచ్చళ్లు గట్టిగా ప్యాక్ చేయించు. పచ్చి కరివేపాకు మాత్రం పెట్టుకోకు, అమెరికాలోకి రానివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. వాళ్లింట్లో కుండీలో చెట్టు ఉండే ఉంటుంది. నవంబర్ చివర్లో రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి మొదలవుతుంది. ఆ కుండీని గరాజ్‌లోకి చేర్చేటప్పుడు నువ్వూ ఒక చెయ్యి వెయ్యి. దాని గురించి నాకు రాయి.

ప్రేమతో,
మీ అక్క