సైడ్ బై సైడ్ బండికి క్లచ్ కిట్ ఇంట్లోనే బిగించుకోవచ్చా? బిగించుకోవచ్చు, కానీ మార్కర్ గీతల్ని నమ్మకండి

30 అంగుళాల టైర్లు వేశాక సైడ్ బై సైడ్ (పక్కపక్క సీట్లుండే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి) లాగట్లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు బెల్ట్ కాలిన వాసన వస్తోంది, క్లచ్ కిట్ నేనే వేసుకోవచ్చా, మెకానిక్‌కి ఇవ్వాలా అని అడిగారు. వేసుకోవచ్చండి. నేనే వేసుకున్నాను. ఒక సాయంత్రం పని అనుకుని మొదలుపెడితే మూడు రోజులు పట్టింది, అందులో రెండు రోజులు పూర్తిగా నా తెలివితక్కువతనం ఖాతాలోకే పోతాయి.

అసలు కిట్ కొనకముందే ఫుల్ త్రాటిల్‌లో మీ బండి ఎంత ఆర్‌పీఎం చూపిస్తోందో చూసుకోండి. ఈ పని ఎవరూ చేయరు. టైరు 27 నుంచి 30కి పోతే 11 శాతం పెద్దదైనట్టు, ఆ మేరకు ఇంజన్‌కి భారం పెరిగినట్టు. నా బండి 8,000 దగ్గర తిరగాలి, టైర్లు మార్చాక 7,400 దాటలేదు. ఈ బండిలో ఇంజన్ బలం రెండు క్లచ్‌ల మధ్య తిరిగే బెల్ట్ మీదుగా పోతుంది, ఇంజన్ వైపుది ప్రైమరీ, చక్రాల వైపుది సెకండరీ. ప్రైమరీ క్లచ్‌లో ఉండే ఫ్లైవెయిట్లు అనే చిన్న బరువులు ఇంజన్ తిరిగేకొద్దీ బయటికి విసురుకుని షీవ్‌ను (బెల్ట్‌ని పక్కనుంచి నొక్కే పళ్లేన్ని) దగ్గరికి తోస్తాయి, దాంతో బెల్ట్ పైకెక్కుతుంది. కంపెనీ వాళ్లు ఆ బరువుల్ని పాత టైర్లకి లెక్కేసి పెట్టారు. టైరు పెద్దదయ్యాక ఇంజన్ ఊపందుకోకముందే బెల్ట్ పైకి పోతోంది, అంటే బండిని నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కిస్తున్నట్టు. బరువులు తగ్గించాలి, సెకండరీలో కాస్త గట్టి స్ప్రింగ్ వేయాలి, పెద్ద టైర్ల కిట్‌లో ఉండేది ముఖ్యంగా ఇదే. "ఇది వేస్తే బండి గుర్రంలా దూకుతుంది" అనేవాళ్లని మీకు ఆర్‌పీఎం ఎంత వస్తోంది అని అడిగి చూడండి, నీళ్లు నములుతారు.

ఇక నా కథ. కవర్ విప్పడం, బెల్ట్ తీయడం పావుగంట పని. ప్రైమరీ మాత్రం క్రాంక్ మీద టేపర్‌లో, అంటే కొసకి సన్నబడే చోట, బిగుసుకుని కూర్చుని ఉంటుంది, బోల్ట్ తీసినా ఊడి రాదు. మీ మోడల్‌కి సరిపోయే పుల్లర్ (క్లచ్‌ని ఊడదీసే బోల్ట్ లాంటి పనిముట్టు) ఉండాల్సిందే. దగ్గర్లో ఉన్న ఏదో పొడవాటి బోల్ట్ దూర్చి బిగిస్తే క్రాంక్ మరలే పోతుంది. పుల్లర్ కొనకు గ్రీజు రాసి బిగిస్తూ పోయాను, ఒక చోట ఆగిపోయింది. బిగిస్తే చెయ్యి నొప్పి తప్ప ఏమీ కదలట్లేదు. మా బావమరిది టార్చ్ పట్టుకుని "బావా, సుత్తి తెస్తానుండు" అన్నాడు. సుత్తి తెస్తే నిన్నే కొడతానన్నాను. హీట్ గన్‌తో కాసేపు వేడి చేసి మళ్లీ పావు చుట్టు తిప్పగానే ఠప్‌మని తుపాకీ పేలినట్టు మోగి క్లచ్ ఊడొచ్చింది. టార్చ్ కింద పడింది, వాడూ పడ్డాడు.

ఈ చోటే చెప్పాలి. వీడియోలు చేసేవాళ్లందరూ సరిగ్గా ఇక్కడే మ్యూజిక్ పెట్టి కట్ చేస్తారు. క్లచ్ బండికి ఉంటుంది, తర్వాతి ఫ్రేమ్‌లో బల్ల మీద ఉంటుంది. మధ్యలో పడిన చెమట ఎవడు చూపిస్తాడు? కిట్‌తో వచ్చిన కాగితం ఇంకా ఘోరం, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు నల్లటి మచ్చలు, బాణం గుర్తులు ఎటు చూస్తున్నాయో దేవుడికే తెలియాలి.

అసలు పొరపాటు ఆ తర్వాత చేశాను. ప్రైమరీ మొత్తం కలిపి బ్యాలెన్స్ చేసిన భాగం, విప్పేముందు కవర్‌కీ లోపలి భాగానికీ గుర్తు పెట్టుకుని మళ్లీ అలాగే కూర్చోబెట్టాలి. ఆ మాట నాకూ తెలుసు. నల్ల మార్కర్‌తో చక్కగా గీత గీశాను, ఫోటో కూడా తీయలేదు, గీత ఉందిగా అని. లోపల స్ప్రింగ్ తోస్తుంటుంది కాబట్టి బోల్ట్‌లు ఆరింటినీ కొంచెం కొంచెంగా సమానంగా వదులు చేసి విప్పాను. షీవ్‌లు శుభ్రం చేద్దామని బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచాను. మసితో పాటు నా మార్కర్ గీత కూడా పోయింది. గుడ్డ చూస్తే నల్లగా ఉంది, అందులో బెల్ట్ మసి ఏదో, నా గీత ఏదో!

నా క్లచ్ కవర్ మూడు రకాలుగా కూర్చుంటుంది. మొదటి రకంగా బిగించి స్టార్ట్ చేస్తే స్టీరింగ్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కాయి. మళ్లీ పుల్లర్, మళ్లీ ఠప్, రెండో రకం. ఈసారి సీటు కూడా వణికింది. మూడోసారి విప్పాక కోపంతో కవర్ అంచుని గోరుతో గీకుతుంటే, గట్టిపడిన మసి పెచ్చు ఊడి దాని కింద కంపెనీ వాళ్లు చెక్కిన బుల్లి ఎక్స్ గుర్తు కనపడింది. లోపలి భాగం మీద కూడా దానికి జోడీ ఎక్స్ ఉంది. రెండు రోజులుగా అది నా వేలి కిందే ఉంది. మా బావమరిది ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది.

టేపర్‌ని మాత్రం పొడిగా, శుభ్రంగా తుడిచి బిగించండి, అక్కడ గ్రీజు రాయకూడదు. ఇంపాక్ట్ గన్‌తో కాదు, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న లెక్కకి. బెల్ట్ దుమ్ము పీల్చకుండా మూతికి ఏదైనా కట్టుకోండి. కొత్త బెల్ట్ అయితే మొదటి 50–80 కిలోమీటర్లు మెల్లగా తోలండి, రబ్బరు షీవ్‌కి అలవాటు పడాలి. నేను ఒక్కో ఫ్లైవెయిట్‌లో 4 గ్రాములు తగ్గించాను, ఆర్‌పీఎం 7,900కి వచ్చింది. ఇంకో గ్రాము తీయొచ్చు, ఓపిక లేదు.

ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది గానీ, బెల్ట్ కాలడానికి సగం కారణం టైర్లు కాదు, తోలేవాడు. రాళ్ల మీద నడక వేగంతో పోతూ హై గేర్‌లోనే ఉంచుతారు. లో గేర్ ఉన్నది ఇలాంటి చోటికే. లో వేస్తే పరువు పోతుందనుకునేవాళ్లు మా గుంపులోనే నలుగురున్నారు, ఏడాదికి రెండు బెల్ట్‌లు మార్చి కంపెనీని తిడతారు. బెల్టే వద్దనుకుంటే గేర్లతో నడిచే బండ్లున్నాయి, యమహా వైఎక్స్‌జెడ్1000ఆర్ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో వచ్చింది, హోండా టాలన్‌ది డ్యూయల్ క్లచ్. వాటి తలనొప్పులు వాటికీ ఉంటాయి. ఈ బెల్ట్ పద్ధతి కూడా నిన్న మొన్నటిది కాదు, డాఫ్ అనే డచ్ కంపెనీ 1958లోనే ఇలాంటి దాన్ని చిన్న కారులో పెట్టింది.

కిట్ వేశాక బండి కింది నుంచే గట్టిగా లాగుతుంది కాబట్టి ఆ దెబ్బ తర్వాత యాక్సిల్స్ మీద పడుతుంది, పెద్ద టైర్లతో కంపెనీ నుంచి వచ్చిన యాక్సిల్స్ విరగడం నేను రెండుసార్లు చూశాను. చక్రం గాల్లో తిరుగుతూ ఉండగా నేల తగిలేటప్పుడు త్రాటిల్ వదలండి.

ఇంతకీ మీకు ఆర్‌పీఎం ఎంత వస్తోందో ప్రశ్నలో రాయలేదు. అదీ, మీ మాన్యువల్‌లో ఎంత ఉండాలని ఉందో కూడా చెప్పండి, బరువుల సంగతి అప్పుడు చూద్దాం.