ఫోర్త్‌విత్ అంటే ఎంత తొందర?

చి॥ చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

కోర్టులో అనువాదాల పనిలో చేరీ చేరగానే, ‘వెంటనే’ అని చెప్పే ఇంగ్లీషు మాట ‘ఫోర్త్‌విత్’ దగ్గర ఆగిపోయావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేనూ అక్కడే బోర్లా పడ్డాను. కొత్తలో ఒక పెద్దాయన ఇంగ్లీషు చదువుతుంటే విని తెలుగులో రాసేవాణ్ణి. చెవికి ‘నాలుగు’ లాగే వినబడింది. “నాలుగవదానితో పంపవలెను” అని రాసిపారేశాను! ఆ నాలుగోది ఏమిటా అని సెక్షనంతా ఫైళ్లు తిరగేశారు. ఆ మాటలో ఫోర్త్ అంటే ముందుకు అని. వినడానికి ఒకటే, స్పెల్లింగు వేరు. అందుకే కాగితం చూడకుండా అనువాదం చెయ్యకు.

దీన్ని ‘హెన్స్‌ఫోర్త్’తో కలిపేసేవాళ్లూ ఉన్నారు. అది ‘ఇకమీదట’. ఉద్యోగిని ఫోర్త్‌విత్ రిలీవ్ చేయమన్న ఉత్తర్వులో ‘ఇకమీదట’ అని పడితే ఆ మనిషి కుర్చీ వదలడు.

అసలు చిక్కు ఎంత తొందర అన్నదే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, 173వ సెక్షన్ చూడు. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఫోర్త్‌విత్, ఉచితంగా ఇవ్వాలంటుంది. స్టేషన్‌లో “రేపు రండి” అనకూడదన్నమాట. అక్కడ ‘వెంటనే’ అని రాయి, చాలు. ‘తక్షణమే’ నాకు నచ్చదు. అది క్షణం కూడా ఆగనివ్వదు, ఇంగ్లీషు మాటలో అంత బిగువు లేదు. 1956లో జోగ్లేకర్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బొంబాయి పోలీసు కమిషనర్ కొందరిని ముందస్తు నిర్బంధంలో పెట్టమని ఆదేశాలిచ్చి, రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక ఎనిమిది రోజులకు పంపాడు. చట్టం ఫోర్త్‌విత్ అంది కదా అని నిర్బంధంలో ఉన్నవాళ్లు వాదించారు. తప్పించుకోగలిగిన ఆలస్యం ఉండకూడదన్నదే ఆ మాటకు అర్థమని కోర్టు తేల్చింది. అప్పుడు నగరం అల్లర్లతో అట్టుడుకుతోంది కాబట్టి ఆ ఎనిమిది రోజులూ చెల్లాయి. ‘యాజ్ సూన్ యాజ్ మే బీ’ అన్నది వేరు, అందులో సబబైన గడువుకు చోటుందని కూడా అంది.

అన్నట్టు, నీ సెలవు చీటీలో ఈ మాట వాడకు. ఆఫీసరుకే హుకుం జారీ చేసినట్టుంటుంది.

నువ్వు పంపిన కాగితంలో మూడో పేరా దిద్దు. ‘ఫోర్త్‌విత్’కూ, ‘యాజ్ సూన్ యాజ్ మే బీ’కీ రెంటికీ ‘వెంటనే’ అనే రాశావు. రెండోదాన్ని ‘వీలైనంత త్వరగా’ అని మార్చి, సంతకానికి పెట్టేముందు నాకొకసారి చదివి వినిపించు.

ఇట్లు,
మీ మామయ్య