విలాసాలకు ఖర్చు పెడితే సంతోషం వస్తుందా? మా ఇంట్లో కారు, ఏసీ చెప్పిన జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "కోట్లున్న వాళ్లు కూడా పాత ఇంట్లో సాదాగా బతుకుతారని వింటుంటాం. ఖరీదైన వస్తువులు కొనుక్కుంటే నిజంగా సంతోషం వస్తుందా, లేక పొదుపుగా ఉండటమే సుఖమా?"

వస్తుంది. కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. రాకపోవడం కూడా చూశాను, అదే ఇంట్లో, మూడేళ్ల తేడాతో.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. ఢిల్లీ రైళ్లలో తిరిగే వాళ్లకు బల్లార్షా అంటే తెలుస్తుంది. మా తాత మంచిర్యాల వైపు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ, ఇట్లా పెరిగాం. తాత వచ్చిన కాలంలో బాయిలు ప్రైవేటు యజమానులవి. మస్టర్ పడితే కూలి, పడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. 1973లో గనులు జాతీయం అయ్యాక, కొన్నేళ్లకు మా నాన్న, మేం బాపు అంటాం, అక్కడే పర్మనెంటు ఉద్యోగిగా చేరాడు. నెల నెలా జీతం, క్వార్టర్, మందులు, అన్నీ ఉన్నాయి. అయినా తాతకున్న భయం మాత్రం బాపుకు వారసత్వంగా వచ్చింది. చక్కెర సంచుల దారం విప్పి ఉండ చుట్టి పెట్టేవాడు. సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకు అతికించేవాడు. పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ ఉన్న జిల్లా మాది, దానికి పోయే బొగ్గు తవ్వే మనిషి ఆయన, అయినా మా ఇంట్లో ఎవరూ లేని గదిలో బల్బు వెలిగితే ఊరుకునేవాడు కాదు.

2016లో బాపు రిటైర్ అయ్యాడు. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి ముప్పై లక్షలు దాటాయి. బాయి బస్తీల్లో ఎవరు దిగిపోయినా ఎంత వచ్చిందో వారం లోపు అందరికీ తెలిసిపోతుంది. చిట్టీల వాళ్లు, ప్లాట్ల వాళ్లు, వరసైన వాళ్లు, వరస కాని వాళ్లు, అందరూ మా గుమ్మం తొక్కారు. అప్పుడే మా బావ అన్నాడు, "ముప్పై ఏడేళ్లు భూమి లోపల బతికినవ్ మామా, ఇకనన్న దర్జాగ తిరుగు." అట్లా కారు వచ్చింది. ఎనిమిదిన్నర లక్షలు. తెల్ల కారు.

మొదటి రోజు నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, చంద్రపూర్ మహాకాళి గుడికి తీసుకెళ్లాం. బాపు ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, దారిలో తెలిసిన ప్రతి మనిషికీ చెయ్యి ఊపాడు. ఆ సంతోషం నిజమే, నేను కాదనను. కానీ నెల తిరిగేసరికి అది అయిపోయింది. బాపుకు డ్రైవింగ్ రాదు. నేను వార్ధా నది దాటి రాజురాలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను, రోజూ బండి మీదే పోతాను. మా సందులోకి కారు పట్టదు, మలుపు దగ్గర పెట్టి కవరు కప్పాలి. రాత్రి రెండుసార్లు లేచి దాన్ని చూసి రావడం బాపుకు కొత్త డ్యూటీ అయింది. ఎవరో పిల్లలు మేకుతో గీత గీశారు, మూడు రోజులు అన్నం సహించలేదు ఆయనకు. ఎలుకలు వైర్లు కొరికాయి. నడపకపోతే బ్యాటరీ దిగిపోతుందని ఆదివారం ఆదివారం ఊరికే స్టార్ట్ చేసి పావుగంట నిలబడేవాళ్లం. అన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. మా బాబాయి తన కూతురి పెళ్లికి కారు అడిగాడు, డ్రైవర్ దొరక్క ఇవ్వలేకపోయాం, ఆయన రెండేళ్లు మాతో మాట్లాడలేదు. కారు లేనప్పుడు మాకు ఆ గొడవే లేదు కదా! 2020లో నాలుగు లక్షల పది వేలకు అమ్మేశాం. అప్పటికి అది తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లు.

ఇక ఏసీ సంగతి. దీని గురించి చెబుదామనే ఇంత దూరం వచ్చాను.

మా వైపు ఎండ సంగతి తెలియని వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. మే నెలలో 46, 47 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. మంచం మీద చెయ్యి పెడితే ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు వెచ్చగా తగులుతుంది. అందుకని మా విదర్భ ప్రాంతంలో కూలర్ లేని ఇల్లు కనపడటం కష్టం. కిటికీకి ఇనుప కూలర్, మూడు పక్కలా గడ్డి, హోలీ అయ్యాక ఆ గడ్డి మార్చడం ఏటా ఒక పండగ పని. పొడి ఎండలో కూలర్ బాగానే పనిచేస్తుంది, తడిసిన గడ్డి వాసన నాకిప్పటికీ ఇష్టమే. కానీ దానికి నీళ్లు కావాలి. మే నెలలో రోజుకు ఎనిమిది, పది బకెట్లు తాగుతుంది. నల్లా రెండు రోజులకోసారి వచ్చే నెలలో.

2019 మే. రాత్రి తొమ్మిది దాటింది. నేను లోపల అన్నం తింటున్నాను, బయట బకెట్ కింద పడ్డ చప్పుడు. వెళ్లి చూస్తే అమ్మ డ్రమ్ము పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు తడిసిపోయింది, బకెట్ ఒరిగిపోయింది, దాని పట్టీని మాత్రం చేతిలో అట్లాగే పట్టుకుని ఉంది. "ఏం కాలేదురా, కళ్లు తిరిగినయ్ అంతే" అంది. బీపీ మనిషి. డాక్టర్ చూసి మందులు మార్చి, బరువులు ఎత్తొద్దు, ఎండకు తిరగొద్దు అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను, లెక్కలు రాయడం నా పని కాబట్టి. ఆ కిటికీకి కూలర్ పెట్టి ఇరవై రెండు వేసవులు. వేసవికి డెబ్బై రోజులు అనుకుందాం, రోజుకు ఎనిమిది బకెట్లు. పన్నెండు వేల బకెట్లు దాటాయి. అన్నీ అమ్మ ఎత్తినవే. బాపు షిఫ్టులో, నేను బడిలో, తర్వాత దుకాణంలో. ఏసీ దండగ, కూలర్ చవక అని ఇన్నేళ్లూ మురిసిపోయాం. ఆ చవకదనమంతా అమ్మ నడుము మీద నడిచిందని అప్పటిదాకా నాకు తట్టలేదు. నేను గట్టిగా నమ్మేది ఇదే: ఏ ఇంట్లోనైనా పొదుపు గురించి గొప్పగా చెబుతుంటే, ఆ పొదుపుకు ఒళ్లు వంచుతున్నది ఎవరో చూడండి, చాలాసార్లు అది ఇంటి ఆడమనిషే. మిక్సీ ఎందుకు రోలుంది కదా అంటారు, వాషింగ్ మిషన్ ఎందుకు చేతులున్నాయి కదా అంటారు. ఆ రోలు ముందు, ఆ బండ ముందు కూర్చునేది అన్నవాడు మాత్రం కాదు.

తెల్లారి బాపును అడక్కుండానే చంద్రపూర్ పోయి ఒకటిన్నర టన్ను ఏసీ తెచ్చాను. స్టెబిలైజర్, బిగింపుతో కలిపి నలభై వేలు. బాపు భగ్గుమన్నాడు. "గది పెద్దోళ్ల ఇండ్లల్ల ఉండేది, మనకెందుకురా? మీటర్ ఎట్ల తిరుగుతదో ఎరుకేనా నీకు?" అని రెండు రాత్రులు ఆ గదిలోకి అడుగు పెట్టలేదు, వరండాలోనే పడుకున్నాడు. మూడో రాత్రి ఒంటిగంట ప్రాంతంలో తలుపు కిర్రుమంది. చాప చంకన పెట్టుకుని వచ్చి, మంచం మీదికి రాకుండా తలుపు పక్కన నేల మీద పరుచుకున్నాడు. నేను కదలకుండా చూస్తున్నాను. అరచెయ్యి బోర్లించి బండ మీద పెట్టాడు. చల్లగా ఉంది. ఆ చోటు వెచ్చబడగానే చెయ్యి కొంచెం పక్కకు జరిపాడు, మళ్లీ జరిపాడు. అట్లా జరుపుతూ జరుపుతూ నిద్రపోయాడు.

పొద్దున ఏడున్నర అయినా లేవలేదు. ఫస్ట్ షిఫ్ట్ కోసం నాలుగున్నరకు లేచే మనిషి, రిటైర్ అయ్యాక కూడా ఐదింటికి మించి పడుకున్నది మేం ఎరగం. అమ్మ రెండుసార్లు లోపలికి వెళ్లి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చింది.

లేచాక బాపు మొదట చేసిన పని మీటర్ దగ్గరికి పోవడం. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో 9 అని రాశాడు. తొమ్మిది యూనిట్లు. ఒక యూనిట్ కరెంటుకు దగ్గర దగ్గర ఏడు వందల గ్రాముల బొగ్గు మండుతుందని ఆయనకు తెలుసు, బాయిలో పనిచేసిన వాళ్లు ఇట్లాంటివి మాట్లాడుకుంటారు. కాసేపు వేళ్లు మడిచి, "రాత్రికి ఆరు కిలోల బొగ్గు" అన్నాడు. ఆయన మొదట్లో తట్టా చెమ్మస్ పని, అంటే పారతో తట్టలకు బొగ్గు ఎత్తే పని, చేసినవాడు, టన్ను బొగ్గు పట్టే టబ్బులు చేత్తో నింపినవాడు. ఆరు కిలోలంటే ఒక తట్టకు అడుగున పరిచినంత కూడా ఉండదు. "నా జన్మల నింపినదాంట్ల గింత నా కోసం కాల్చుకుంటే తప్పా?" అని అమ్మను అడిగాడు. అమ్మ ఏమీ అనలేదు, చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. ఆ నెల బిల్లు నాలుగు వేల రెండు వందలు వచ్చింది. బాపు దాన్ని చూసి, మడిచి, జేబులో పెట్టుకుని కట్టడానికి తనే పోయాడు.

సగం ధర కూడా లేని చిన్న కారు కొన్నా మాకు అదే జరిగేది, ఇంకా ఖరీదైన ఏసీ తెచ్చినా ఇదే జరిగేది. ధరకూ దీనికీ సంబంధం లేదు. నలుగురు చూడటానికి కొన్నదాన్ని మనమే కాపలా కాయాలి. ఒంటికి సుఖం ఇచ్చేది మన పని మనకు తగ్గిస్తుంది, దాని సంతోషం ప్రతి రాత్రీ మళ్లీ కొత్తగా వస్తుంది.

కోటీశ్వరుల పొదుపు గురించి వీడియోలు చేసేవాళ్లు చెప్పే కథ సగమే. అమెరికా కోటీశ్వరుడు వారెన్ బఫెట్ 1958లో 31,500 డాలర్లకు కొన్న ఒమాహా ఇంట్లోనే ఉంటున్నాడని ప్రతి ఒక్కరూ చెబుతారు. అదే బఫెట్ తన సంస్థ డబ్బుతో విమానం కొన్నాడని, సమర్థించుకోలేని ఖర్చు అనే అర్థం వచ్చే పేరు తనే దానికి పెట్టాడని, 1998లో ఏకంగా ప్రైవేటు విమానాల కంపెనీనే ఆయన సంస్థ కొనేసిందని చెప్పరు. ఇల్లు ఆయనకు సరిపోయింది, మార్చలేదు. ప్రయాణం ఒంటికి బరువైంది, ఖర్చు పెట్టాడు. మా బాపు చేసింది కూడా అదే, అంకెలే వేరు.

డబ్బు ఒక హద్దు దాటితే సంతోషం పెరగదని ఇంకో మాట ప్రచారంలో ఉంది. డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే పరిశోధకులు 2010లో అమెరికాలో ఏడాదికి 75,000 డాలర్లు దాటితే రోజువారీ సంతోషం పెద్దగా పెరగడం లేదని రాశారు, అది పట్టుకుని మనవాళ్లు ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. 2023లో అదే కానెమన్ ఇంకొందరితో కలిసి మళ్లీ చూసి, చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉంటుందని, బాగా దుఃఖంలో ఉన్న కొద్దిమందికే అది ఒక చోట ఆగిపోతుందని దిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటు ఎవరూ చెప్పరు. లేనివాడికి లేమిలోనే సుఖముందని చెప్పడం తేలిక కదా.

ఇంకో మాట చెప్పాలి, ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. నేను ఏసీ కొన్నప్పుడు దాని మీద జీఎస్టీ 28 శాతం. బంగారం మీద 3 శాతం. 47 డిగ్రీల ఊళ్లో బీపీ మనిషి నిద్రపోవడానికి కొన్నది విలాసం, బీరువాలో మూల పడి ఉండే బంగారం కాదు! 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద 18కి తగ్గించారు, మంచిదే, కానీ ఈలోగా మా జిల్లాలో ఎంతమంది ముసలివాళ్లు ఆ తేడా డబ్బులకు వెనకాడి ఇంకో వేసవి కూలర్ నీళ్లు మోశారో. పెళ్లికి పది లక్షల మండపం వేసి, ఇంట్లో తల్లికి కమోడ్ పెట్టించని వాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. మోకాళ్లు పట్టేసిన మనిషి పొద్దున్నే గోడ పట్టుకుని లేస్తుంటే ఆ మండపం పూలు గుర్తొస్తాయి నాకు.

కాబట్టి అడిగిన వారికి నేను చెప్పేది, చేతిలో డబ్బుంటే, అప్పు కాకపోతే, మీ ఇంట్లో రోజూ ఎవరి ఒళ్లు నలుగుతోందో ముందు అక్కడ పెట్టండి. అది విలాసమని ఎవరన్నా అంటే అననివ్వండి.

కూలర్ ఇప్పుడు డాబా మీద ఉంది, అమ్మ అందులో మట్టి పోసి పుదీనా పెంచుతోంది. బాపు ఇంకా క్యాలెండర్‌లో యూనిట్లు రాస్తూనే ఉన్నాడు, ఆ అలవాటు పోలేదు. కానీ ఈ ఏడాది హోలీ కూడా కాకముందే నన్ను పిలిచి, "ఆ ఏసీ మెకానిక్‌కు ఫోన్ చెయ్ కొడుకా, ఫిల్టర్లు కడిగిపియ్యాలె, మీ అమ్మకు రాత్రి ఉక్కపోస్తుందట" అన్నాడు.